ముందు వచ్చింది నొప్పా, మాత్రా?

గౌనిపల్లిలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు తన భార్యకు థైరాయిడ్ మాత్ర మాన్పించారు. మూడేళ్ళుగా ఆమె మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతోంది. అది దొరకనప్పుడు అసిక్లోఫెనాక్, పంటికో తలకో నొప్పి వస్తే ఐబుప్రొఫెన్. ఆర్నెల్ల కింద కోలారులో రక్త పరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది. నొప్పి మాత్రలే ఆ గ్రంథిని చెడగొట్టాయని హెడ్‌మాస్టరుగారు తీర్మానించుకున్నారు. మూలం దొరికాక దానికి విరుగుడుగా ఇంకో మాత్ర దేనికి? మొదటిదాన్ని ఆపేస్తే గ్రంథి తనంతట తనే తేరుకుంటుందని ఆయన లెక్క.

ఆయన అక్క కూతురు కోలారులో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తుంది. ఆదివారం ఊరికి వచ్చి ఈ సంగతి విన్నది. ఆ పూట ఆ ఇంట్లో మామా మేనకోడళ్ళ మధ్య జరిగిన వాదం చాలా ఇళ్ళలో జరగాల్సింది. జరగక ముందే మందులు మానేస్తున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

శ్రీనివాసపురం తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉండే ఊరు గౌనిపల్లి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చుట్టూ మామిడి తోటలు, టమేటా చేలు. కోయడం, ఏరడం, పదిహేను కిలోల బాక్సు నింపి ఎత్తడం చాలావరకు ఆడవాళ్ళ పనే. సాయంత్రానికి నడుము పట్టేస్తే, మోకాలు వంగకపోతే మెడికల్ షాపులో అడిగినన్ని మాత్రలు పట్టీ తుంచి ఇస్తారు. కోలారు జిల్లా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య పాతదే, దానివల్ల కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. ఇట్లాంటి చోట నొప్పి మాత్ర మీద నేరం మోపడమంటే ఊరు ఊరంతా రోజూ మింగేదాని మీద నేరం మోపడమే. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు.

మామే మొదలుపెట్టారు.

"నేనేమీ గాలిమాట చెప్తాండలేదు అమ్మణ్ణీ. మందులు వాడినాక ఏమేమి వచ్చినాయో దేశదేశాల నుంచి రిపోర్టులు పోతాయి గదా. డైక్లోఫెనాక్ పేరు కింద చూడు, ఐబుప్రొఫెన్ పేరు కింద చూడు. థైరాయిడ్ తగ్గినాదని రాసినవాళ్ళు ఉండారు. మీ అత్త ఒక్కతే కాదు."

"ఉండారు మామా. కాదనను. ముందు ఇంకో మాట చెప్పు. అత్త థైరాయిడ్ మాత్ర మాని ఎన్నాళ్ళయింది?"

"పది రోజులు. ఏమీ కాలేదు. ఇంకా తేలిగ్గా ఉండాదంటాది."

మేనకోడలు భయపడింది ఇక్కడే. థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. రక్తపోటు మాత్ర మానితే ఒకటి రెండు రోజుల్లో తేడా కనిపించవచ్చు. థైరాయిడ్ మాత్ర మానితే మొదటి వారం, రెండో వారం అంతకుముందు మింగిన నిల్వ మీదే ఒళ్ళు నడుస్తుంది. ఏమీ కాలేదని మానినవాళ్ళకు ధైర్యం వస్తుంది. నెల దాటాక నీరసం, మలబద్ధకం, ఒళ్ళు బరువు, మతిమరుపు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. అప్పటికి మాత్ర మానిన సంగతి ఎవరికీ గుర్తుండదు, వాటికి వేరే కారణాలు వెతుకుతారు.

"పది రోజుల నెమ్మదిని నువ్వు సాక్ష్యంగా పెట్టుకోవద్దు మామా. అది పాత మాత్ర ఇంకా పనిచేస్తాండటమే."

మామ ఒప్పుకోలేదు. "సరే, అది పక్కన పెట్టు. మన వీధిలోనే నలుగురు ఆడవాళ్ళకు థైరాయిడ్ ఉండాది. నలుగురూ నొప్పి మాత్ర మింగినోళ్ళే. ఇదెట్ల కుదిరినాది?"

"మింగనోళ్ళు ఎవరుండారు మామా ఈ ఊర్లో?"

ఆమె చెప్పిన లెక్క ఇది. దేశంలో ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళ రక్తం పరీక్షించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ నగరాల్లో బెంగళూరు, హైదరాబాదు, చెన్నై కూడా ఉన్నాయి. థైరాయిడ్ మందగించినవాళ్ళు 10.95 శాతం. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. వయసుతో పాటు పెరుగుతుంది. మొత్తం మందిలో 3.47 శాతానికి తమకు ఆ జబ్బు ఉందని పరీక్ష నాటికి తెలియనే తెలియదు. నగరాల అంకె పల్లెకు అచ్చంగా సరిపోవాలని లేదు. అయినా ఒక సంగతి తేటగా ఉంది: ఇది అరుదైన జబ్బు కాదు. నొప్పి మాత్రయితే అంతకంటే ఎక్కువమంది వాడేది. రెండూ ఇంత మామూలైనప్పుడు ఒకే మనిషిలో కలిసి కనిపించడానికి ఒకటి ఇంకొకదానికి కారణం కానక్కర్లేదు.

ఇక్కడ మామ అడిగిన ప్రశ్న గట్టిది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన.

"అట్లయితే ఏ మందునైనా ఇదే మాటతో వదిలేయొచ్చు గదా? జబ్బూ మామూలే, మందూ మామూలే, రెండూ కలిసినాయి, అంతే! ఇంగ నిజంగా తప్పు చేసిన మందును ఎట్ల పట్టుకుంటావు?"

మేనకోడలు దాటవేయలేదు. రోఫెకాక్సిబ్ కథ చెప్పింది. వయోక్స్ పేరుతో వచ్చిన నొప్పి మందు అది. కడుపులో పుండు పడదని ప్రచారమైంది. దాన్ని వాడే వయసువాళ్ళలో గుండెపోటు కూడా మామూలు జబ్బే. ఎవరో ఒకరికి మాత్ర మింగాక గుండెపోటు వచ్చినంత మాత్రాన ఏదీ తేలదు. తేల్చింది పోలిక. ఒక గుంపుకు ఆ మందు, ఇంకో గుంపుకు నాప్రోక్సెన్ ఇచ్చి చూసిన పరీక్ష 2000లోనే అనుమానం రేపింది. ఉత్తుత్తి మాత్రతో పోల్చిన మరో పరీక్షలో తేడా బయటపడింది. 2004 సెప్టెంబరులో, దాన్ని తయారుచేసిన మెర్క్ కంపెనీయే మందును ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది చివర్లో మన దేశమూ నిషేధించింది.

"మింగినోళ్ళను, మింగనోళ్ళను పక్కపక్కన పెట్టి చూడాల. మాత్ర ఆపితే జబ్బు తగ్గినాదా, మళ్ళీ మొదలుపెడితే తిరిగొచ్చినాదా చూడాల. ఒంట్లో ఏ దారిన చెరుపు చేస్తాదో చూపించాల. అన్నిటికన్నా ముందు, ఏది ముందొచ్చిందో అడగాల. రిపోర్టు అంటే ఎవరో అడిగిన ప్రశ్న మామా, తీర్పు కాదు."

"ఆ ప్రశ్న అడగబట్టే రాబందుల సంగతి బయటపడింది," అన్నారాయన.

రాబందుల ఊసు ఈ వాదంలోకి రావడం న్యాయమే. వాటి చావు వెనక ఉన్నదీ డైక్లోఫెనాకే. 1990ల నుంచి దేశంలో రాబందులు కుప్పకూలాయి. తెల్లవీపు రాబందు నూటికి తొంభై తొమ్మిదికి పైగా తగ్గిపోయింది. ఏదో వైరస్ అన్నారు, పురుగుమందులన్నారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్ పంజాబులో చచ్చిన పక్షులను కోసి చూసి అసలు సంగతి చెప్పింది: నొప్పి తగ్గడానికి పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను చంపుతోంది. 2006లో పశువులకు ఆ మందును మన దేశం నిషేధించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. కర్ణాటకలో రామనగర కొండల మీద మిగిలిన కాసిని రాబందుల కోసం అభయారణ్యం ఉంది.

"పశువుకు మేలు చేసిన మందు పక్షిని చంపుతాదని ముందు ఎవరైనా అనుకున్నారా? థైరాయిడ్ సంగతీ అట్లే కావచ్చు. ఇంకా ఎవరూ చూడలేదేమో."

"రాబందుల విషయంలో చూసినారు గదా మామా. పక్షులకు ఆ మాంసం పెట్టి చూసినారు. అదే చావు, మూత్రపిండాల్లో అవే తెల్లటి ముద్దలు. థైరాయిడ్ మీద కూడా చూసినారు. ఎవరూ చూడలేదనద్దు."

అక్కడినుంచి సంభాషణ కొంచెం లోతుకు వెళ్ళింది. ఆమె మొదట తన మామకు పనికొచ్చే సాక్ష్యాలనే బయటపెట్టింది. నొప్పి మందుల్లో నిజంగానే థైరాయిడ్‌ను చెరిచింది ఒకటుంది. దాని పేరు ఫినైల్‌బ్యూటజోన్. 1949 నుంచి కీళ్ళ జబ్బులకు విరివిగా వాడారు. గ్రంథి అయోడిన్‌ను అందుకోకుండా అది అడ్డుపడుతుంది. కొందరికి గొంతు దగ్గర వాపు వచ్చింది, హార్మోను తగ్గింది. రక్తకణాలను కూడా దెబ్బతీస్తుండటంతో చాలా దేశాల్లో మనుషుల వైద్యం నుంచి తప్పుకుంది. గుర్రాలకు ఇప్పటికీ ఇస్తారు.

రెండోది ఈ ప్రాంతపు పెద్దవాళ్ళకు పేరు తెలియకపోయినా చేదు గుర్తుండే మందు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. గౌనిపల్లి వైపు వాళ్ళకూ అది తెలిసిన చోటే. 1950ల నుంచి కొన్నేళ్ళపాటు దేశంలో క్షయకు ఐసోనియాజిడ్‌తో కలిపి పారా అమినో సాలిసిలిక్ యాసిడ్ ఇచ్చేవారు. పొట్టిగా పాస్ అనేవారు. 1956లో మద్రాసులో, శానిటోరియంలో పెట్టి చేసే వైద్యాన్నీ ఇంటి దగ్గర చేసే వైద్యాన్నీ పోల్చి చూసిన ప్రసిద్ధమైన పరీక్షలోనూ ఈ రెండు మందులే. పాస్ ఆస్పిరిన్‌కు చుట్టం. రోజుకు గ్రాముల లెక్కన నెలల తరబడి మింగితే కొందరిలో గ్రంథి మందగించేది, గొంతు ఉబ్బేది. మందు ఆపితే తిరిగి సరయ్యేది. మొండి క్షయకు వాడే ఎథియోనమైడ్‌కూ ఈ గుణముంది.

"చూసినావా!" అన్నారు మామ. "ఆస్పిరిన్ చుట్టమే చేసినప్పుడు ఆస్పిరిన్ ఎందుకు చేయదు?"

"ఆస్పిరిన్ చేసేది వేరే పని. అది చాలామందిని మోసం చేస్తాది, డాక్టర్లను కూడా."

థైరాయిడ్ హార్మోను రక్తంలో చాలావరకు ఒంటరిగా తిరగదు. కొన్ని ప్రోటీన్లకు అంటుకుని ప్రయాణిస్తుంది. ఆ ప్రోటీన్లు మదనపల్లె బస్సు అనుకుంటే హార్మోను సీట్లలో కూర్చున్న జనం. పని జరిగేది బస్సు దిగినవాళ్ళ వల్లే, వాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ వస్తే అది కొన్ని సీట్లు ఆక్రమిస్తుంది, కూర్చున్నవాళ్ళు దిగిపోతారు. బస్సులో తలలు లెక్కపెట్టేవాడికి జనం తగ్గినట్టు కనిపిస్తుంది. ఊళ్ళో పనికి మాత్రం లోటు రాదు. మన ల్యాబుల్లో థైరాయిడ్ ప్యాకేజీ అంటే మామూలుగా టి3, టి4, టీఎస్‌హెచ్ చేస్తారు. అందులో టి3, టి4 ఎక్కువచోట్ల మొత్తం లెక్కే, అంటే బస్సులోని తలలతో కలిపి. ఆస్పిరిన్ బాగా వాడేవాళ్ళలో ఆ అంకెలు తక్కువ చూపిస్తాయి. టీఎస్‌హెచ్ మాత్రం హద్దు దాటదు. పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను తట్టి లేపే హార్మోను. థైరాయిడ్ నిజంగా మందగిస్తే అది పెరిగి తీరాలి. ఆస్పిరిన్ వల్ల అది పెరగదు. థైరాయిడ్ బాగా రెచ్చిపోయి ప్రాణం మీదికి వచ్చిన రోగికి జ్వరం తగ్గించడానికి ఆస్పిరిన్ వద్దంటారు. సీట్లలోంచి దిగిన హార్మోను అప్పుడు ఇంకా ప్రమాదం కనుక.

2003లో అమెరికాలో మేరీ సామ్యూల్స్ బృందం ఇరవై ఐదుగురు ఆరోగ్యవంతులకు ఈ రకం నొప్పి మందులే ఇచ్చి చూసింది. ఒక్క డోసు తరువాత, వారం వాడాక రక్తం తీసింది. ఆస్పిరిన్, సాల్సలేట్ అంకెలను కిందికి లాగాయి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్‌లతో దాదాపు కదలిక లేదు. డైక్లోఫెనాక్‌కు కూడా ల్యాబులో ఆ మోసుకెళ్ళే ప్రోటీన్లలో ఒకదానికి అంటుకునే గుణం కనిపించింది. అది కూడా సీటు సంగతే. గ్రంథిని చెరపడం దీనికి పూర్తిగా భిన్నం.

"వారం అన్నావు. మీ అత్త మూడేళ్ళు మింగినాది. వారం పరీక్షతో మూడేళ్ళ మాట ఎట్ల చెప్తావు?"

ఈ మాటకు ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే సరి. టమేటా చేలో పనిచేసే ఆడవాళ్ళు చీటీ లేకుండా, ఏళ్ళ తరబడి, రెండు మూడు రకాలు కలిపి మింగుతారు. ఆరోగ్యవంతులైన పాతికమందికి వారం ఇచ్చి చూసిన పరీక్ష వాళ్ళ బతుకుకు అచ్చుగుద్దిన నమూనా కాదు. మామ ఆ తేడా పట్టుకున్నారు.

"వారం పరీక్ష చాలదు, నిజమే. అందుకే అత్తనే అడుగుదాం," అని ఆమె లోపలికి పిలిచింది. "అత్తా, మోకాళ్ళ నొప్పి మొదలు కాకముందు నీకు ఇంకేమన్నా మార్పు తెలిసినాదా?"

అత్త చెప్పిన మాటలు ఈ వాదంలో అన్నిటికంటే బరువైనవి. అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

"మోకాళ్ళకన్నా ముందు నా గొంతు పోయింది. రామనవమి భజనలో పై శ్రుతి అందలేదు, మగ గొంతు మాదిరి అయిందని అందరూ అన్నారు. దోమలకని కిటికీ మూసినానని అనుకున్నారు గానీ నాకు చలేసి మూసినా, ఎండాకాలంలో. గాజులు ఎక్కేవి కావు. రాత్రి పిక్కలు పట్టేసేవి. అదైనాక సంవత్సరానికేమో మోకాళ్ళు."

బొంగురు గొంతు, ఎండాకాలంలో చలి, చేతుల ఉబ్బు, పిక్కలు పట్టడం. వైద్య పుస్తకాల్లో థైరాయిడ్ మందగింపు లక్షణాలంటూ రాసేవి ఇవే. అవి నొప్పి మాత్రకు ఏడాది ముందే వచ్చాయి. ఈ జబ్బు ఒళ్ళు నొప్పులనే తెస్తుంది. కండరాలు పట్టేస్తాయి, కీళ్ళు బిగుస్తాయి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, భుజం బిగుసుకుపోతుంది. మనిషి నొప్పికి మాత్ర వేసుకుంటాడు. ఏళ్ళ తరువాత ఎవరో రక్త పరీక్ష రాస్తారు. కాగితం మీద మాత్ర తేదీ ముందు, జబ్బు తేదీ తరువాత పడుతుంది. ఒంట్లో జరిగింది అటుదిటు.

థైరాయిడ్ మందగించడానికి మామూలు కారణం ఒంటి రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీదికి తిరగబడటం. జపాన్ వైద్యుడు హషిమోటో 1912లో దీన్ని వర్ణించాడు. అది నెలల్లో జరిగే పని కాదు. ఇంగ్లండులో విక్‌హామ్ అనే చోట 1970లలో ఊరిజనాన్ని పరీక్షించి ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ చూశారు. మొదట్లోనే టీఎస్‌హెచ్ పెరిగి, గ్రంథికి ఎదురుతిరిగే యాంటీబాడీలు ఉన్న ఆడవాళ్ళలో ఏటా నూటికి నలుగురికి పైగా పూర్తి జబ్బులోకి జారారు. అంటే బయటపడటానికి ఏళ్ళ ముందే కథ మొదలై ఉంటుంది. కోలారులో అత్తకు చేసిన పరీక్షలో ఆ యాంటీబాడీలు ఎక్కువగానే ఉన్నాయి. కాగితం ఆరు నెలలుగా బీరువాలో ఉంది.

ఇంకో మాయ కూడా ఉందని మేనకోడలు చెప్పింది. వైరస్ జ్వరం తరువాత కొందరికి థైరాయిడ్ గ్రంథే వాచి మెడ ముందు విపరీతమైన నొప్పి వస్తుంది. స్విట్జర్లాండ్ సర్జను డి కెర్వాన్ పేరుతో పిలిచే జబ్బు అది. దానికి వైద్యమే నొప్పి మాత్ర. కొన్ని వారాలకు నొప్పి పోతుంది. ఖాళీ అయిన గ్రంథి కొన్నాళ్ళు మందగిస్తుంది, చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. మాత్ర మింగాక థైరాయిడ్ పడిపోయింది అనిపించడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదు.

హెడ్‌మాస్టరుగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగినది మాత్రం మూల ప్రశ్నే. "అయితే మాత్ర మింగుతాండగానే టీఎస్‌హెచ్ దిగలేదు, మోతాదు పెంచినారు, అయినా దిగలేదు. దానికేమంటావు? నాకు అనుమానం పుట్టింది దానితోనే."

మేనకోడలు అత్త మందుల డబ్బా తెప్పించి మంచం మీద బోర్లించింది. డైక్లోఫెనాక్ పట్టీ, దాంతో జతగా పొట్టకు పాంటోప్రజోల్, ఎముకలకని కాల్షియం, రక్తం తక్కువని ఐరన్. ఏది ఎప్పుడని అడిగితే అత్త అమాయకంగా చెప్పింది: అన్నీ పొద్దున్నే, మరిచిపోకుండా, కాఫీతో.

నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో నొప్పి మాత్రకు, థైరాయిడ్‌కు ఉన్న అసలు సంబంధం ఇదే. గ్రంథికి నొప్పి మాత్ర ఏమీ చేయలేదు. దాని వెంట వచ్చినవి థైరాయిడ్ మాత్రను ఒంట్లోకి పోనివ్వలేదు. లెవోథైరాక్సిన్ కరిగి పేగులోకి ఇంకాలంటే కడుపులో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. 2006లో ఇటలీలో చెంటన్ని బృందం, థైరాక్సిన్ వాడుతున్నవాళ్ళకు ఒమెప్రజోల్ చేర్చి చూస్తే టీఎస్‌హెచ్ పెరిగింది, మోతాదు పెంచాల్సి వచ్చింది. కాల్షియం, ఐరన్ అయితే పేగులోనే థైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా ఇంకడాన్ని తగ్గిస్తుంది. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట ఆగి కాఫీ తాగాలి. నొప్పి మాత్రను, గ్యాస్ మాత్రను ఒకే గొట్టంలో కలిపి అమ్మే రకాలు మన షాపుల నిండా ఉన్నాయి. డైక్లోఫెనాక్ అడిగినవాళ్ళకు రాబెప్రజోల్ కూడా లోపలికి పోతోందని పట్టీ మీద చిన్న అక్షరాలు చదివితే తప్ప తెలియదు. చీటీ రాసే డాక్టరు ఈ నాలుగింటి వేళలు విడివిడిగా చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం మన రోగులకు దొరకడం లేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

"అంటే డైక్లోఫెనాక్ మింగొచ్చునంటావా?"

"అనను మామా. థైరాయిడ్ కేసులో అది నిర్దోషి. మూత్రపిండాల కేసులో కాదు, కడుపు పుండు కేసులో కాదు. థైరాయిడ్ మందగిస్తే మూత్రపిండాల వడపోత కూడా నెమ్మదిస్తాది. దాని మీద రోజూ డైక్లోఫెనాక్ అంటే రెండు దెబ్బలు. థైరాయిడ్ సరిగా అందితే పిక్కల నొప్పులు సగం పోవచ్చు. మిగిలింది మోకాలి అరుగుదలో, నీళ్ళ ఫ్లోరైడో చూపించుకుందాం."

"జీవితాంతం మింగాలంటారే, అదే నాకు మింగుడు పడదు," అన్నారాయన. మేనకోడలు దానికి 1891 నాటి సంగతి చెప్పింది. ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర జార్జ్ మరే అనే కుర్ర డాక్టరు, ఈ జబ్బుతో ముదిరిపోయిన నలభై ఆరేళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆమె లేచి తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళు బతికి డెబ్భై నాలుగో ఏట, 1919లో పోయింది. అన్నేళ్ళూ ఆ రసం మానలేదు. అంతకు ముందు ఈ జబ్బు ముదిరినవాళ్ళకు చేయగలిగిందేమీ లేదు.

మామ పూర్తిగా లొంగిపోయారని రాస్తే అబద్ధం. తన భార్య సంగతి రిపోర్టు చేయాల్సిందేనన్నారు. విచిత్రంగా ఆ ఒక్క దగ్గర ఇద్దరూ ఒకటయ్యారు. మందుల చెడు ఫలితాలను పోగుచేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. దాని కేంద్రం ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. 1800-180-3024కు ఫోను చేయవచ్చు, వాడినవాళ్ళే నింపే ఫారమూ ఉంది. అనుమానం చాలు, రుజువు చూపనక్కర్లేదు. రోఫెకాక్సిబ్ లాంటివి బయటపడటానికి మొదట ఎవరో ఒకరు అనుమానపడాలి కదా అన్నది ఆయన వాదం. రిపోర్టులో అన్ని మందులూ, అన్ని తేదీలూ ఉంటేనే అది ఎవరికైనా పనికొస్తుందన్నది ఆమె పట్టు.

ఆయన కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. లక్షణాలు మొదలైన తేదీ దగ్గర మొదట మోకాళ్ళ సంవత్సరం రాశారు. భార్య వైపు చూసి దాన్ని కొట్టేసి, ఏడాది వెనక్కి జరిపి, రామనవమి నెల వేశారు. కూడా వాడిన మందుల గడిలో పాంటోప్రజోల్, కాల్షియం, ఐరన్ రాశారు.

"అంతేనా అత్తా? ఇంకేమీ లేవా?"

"సూది ఉండాది గదా," అంది అత్త. "నొప్పి మరీ ఎక్కువైతే నెలకు ఒకటి రెండుసార్లు వేయించుకుంటా. వేసిన సాయంత్రానికే ఎగిరి గంతులేయొచ్చు."

మేనకోడలి ముఖం మారింది. అంత తొందరగా, అంత బాగా నొప్పి తగ్గే సూదిలో డైక్లోఫెనాక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి ఉండటం పల్లెల్లో మామూలు. స్టెరాయిడ్ టీఎస్‌హెచ్‌ను కిందికి నొక్కుతుంది. అంటే పరీక్ష అంకెలే తప్పుదారి పట్టవచ్చు. అంతకంటే ముఖ్యం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ పడితే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పని మరిచిపోతాయి. ఆ స్థితిలో ఉన్నవాళ్ళకు అది చూడకుండా థైరాక్సిన్ ఇస్తే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది.

"ఆ సూది పేరు కావాల మామా. రేపే కోలారు పోదాం. ఏ మోతాదుతో తిరిగి మొదలుపెట్టాలో డాక్టరు చెప్పేముందు ఆయనకు ముందు చెప్పాల్సింది ఇదే. అడ్రినల్ పనిచేస్తాందో లేదో తెలియడానికి పొద్దున పూట రక్తంలో కార్టిసాల్ చూడమని అడుగుదాం. థైరాయిడ్ మాత్ర మళ్ళీ మొదలైనాక ఆరేడు వారాలకు టీఎస్‌హెచ్ చూద్దాం."

"నేనిప్పుడే పోయి అడుగుతా."

"ఖాళీ సీసా ఉంటే తీసుకురా. చెప్పనంటే గొడవ పడొద్దు."

"చెప్పకపోతే ఈ గడిలో ఏమి రాయాల?"

"పేరు తెలియని సూది, నెలకు ఒకటి రెండుసార్లు, మూడేళ్ళు అని రాయి," అంది మేనకోడలు. "ఏ నెల నుంచో అత్తను అడిగి అదీ రాయి."